కిరాయి ఇంటి గోడకు తేమ మీటరు

నిజామాబాద్ జిల్లాలో తేమ లెక్క తెలియని ఇల్లు అరుదు. వడ్ల కుప్ప కొనుగోలు కేంద్రానికి చేరిందంటే ముందు పెట్టేది తేమ మీటరే. 17 శాతం దాటితే రైతు మళ్లీ ఆరబోయాల్సిందే. పసుపు యార్డులో కొమ్ము విరిచి, అది విరిగిన చప్పుడును బట్టి ఎండిందో లేదో చెప్పేస్తారు. బీడీలు చుట్టే ఆడవాళ్లకు ఆకు ఎంత తడిగా ఉండాలో వేళ్లకే తెలుసు. తడి తగ్గితే ఆకు చిట్లుతుంది, ఎక్కువైతే బూజు పడుతుంది. చక్కెర మిల్లు నడిచిన రోజుల్లో దాని ల్యాబులో చెరకు పిప్పి తేమ ఎంతో రాసుకోనిదే రోజు గడిచేది కాదు. ఇన్ని చోట్ల ఇంత జాగ్రత్తగా తేమను పట్టుకునే ఊళ్లలో కిరాయి ఇంటి గోడను మాత్రం ఎవరూ కొలవరు.

జులై నడిచేసరికి బీరువా వెనక ఆకుపచ్చ మచ్చలు తేలతాయి. దాచుకున్న పట్టుచీరకు ముక్క వాసన పడుతుంది. మంచం తల వైపు గోడకు రంగు పొక్కి, వేలితో తాకితే పొరలు పొరలుగా రాలుతుంది. ఓనరుకు ఫోన్ చేస్తే వచ్చే జవాబు దాదాపు అన్ని వాడల్లో ఒకటే: ‘మీరు రాకముందే రంగులేపిచ్చిన, అప్పుడేం లేకుండె. ఇంట్ల తడిబట్టలు ఆరేస్తే గోడలు గట్లనే అయితయ్.’ ఖాళీ చేసే రోజున రంగుల ఖర్చు పేరుతో అడ్వాన్సులో కోత పడుతుంది. ఇల్లు మళ్లీ ఎండాకాలంలో రంగులేసుకుని, టూ-లెట్ బోర్డు తగిలించుకుని, కొత్తవాళ్ల కోసం సిద్ధమవుతుంది.

ఈ తగువులో ఇద్దరూ గోడ పైపూతను చూసే మాట్లాడుకుంటారు. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో ముందు తేల్చుకుంటే, మందు ఏమిటో తెలుస్తుంది, ఖర్చు ఎవరిదో కూడా చాలావరకు తేలిపోతుంది.

ముందు ఇక్కడి నేల సంగతి. ఈ జిల్లాలో ఏడాదికి సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వాన పడుతుంది, అందులో చాలా భాగం జూన్, సెప్టెంబర్ మధ్యనే. పడేటప్పుడు ఒక్కోసారి లెక్క తప్పి పడుతుంది. 2023 జులైలో వేల్పూర్‌లో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది. 2025 ఆగస్టు చివర్లో పక్కనున్న కామారెడ్డి జిల్లాను కుండపోత ముంచెత్తింది. అలాంటి వాన తర్వాత నాలుగు రోజులకు వీధులు ఆరతాయి. గోడలు ఆరడానికి నెలలు పడుతుంది.

వాన ఒక్కటే అయితే సంక్రాంతి దాటేసరికి ఇళ్లు ఆరిపోవాలి. బోధన్ వైపు అలా జరగదు. మంజీర మీద నిజాంసాగర్‌ను 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేశారు. ఆ కట్టడాన్ని నడిపించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. కాలువ నీళ్లతో చెరకు వచ్చింది, చెరకు కోసం 1937లో బోధన్ పక్కన నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది, ఫ్యాక్టరీ చుట్టూ శక్కర్‌నగర్ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారంగా పేరుపడిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. చెరకు తగ్గింది, ఆ మడుల్లోకి వరి వచ్చింది. వానకాలం, యాసంగి రెండు కార్లూ నీళ్లు నిలబడే పొలాల పక్కనే ఇప్పుడు ప్లాట్లు, కాలనీలు. కింద ఉన్నది నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు బారుతుంది, పట్టుకున్న నీటిని తొందరగా వదలదు. పునాది కదిలి గోడకు పడే సన్నటి ఏటవాలు పగుళ్లు చాలావరకు ఈ ఉబ్బడం, కుంగడం వల్లే. ఆ పగుళ్లే వాననీటికి దారి.

శక్కర్‌నగర్ క్వార్టర్ల సంగతి ప్రత్యేకం. ఫ్యాక్టరీ ఉన్నన్నాళ్లూ ఇంటికి మరమ్మతు అంటే కంపెనీ పని. ఫ్యాక్టరీతో పాటే ఆ దిక్కూ పోయింది. ఒక ఇంటిని ఏటా ఒకసారి సున్నం కొట్టి, డాబా తూము శుభ్రం చేసి, పగిలిన చోట గిలాబు పెట్టే మనిషి లేకపోతే ఎంత త్వరగా పాడవుతుందో తెలుసుకోవడానికి ఆ వాడల్లో ఒక్కసారి నడిస్తే చాలు.

నిజామాబాద్ పట్టణంలో చిక్కు వేరు. ఇక్కడ కిరాయికి దొరికేవి ఎక్కువగా పోర్షన్లు. ముందు భాగంలో ఓనరు ఉంటాడు, వెనక రెండు గదులు కిరాయికి. వెనక పోర్షన్‌కు రెండు పక్కలా పక్కింటి గోడలే. మధ్యలో జానెడు సందు. ఆ సందులో మేస్త్రీ నిలబడి గిలాబు చేయడానికి చోటు ఉండదు కాబట్టి ఇటుకలు బయటి వైపు అలాగే పచ్చిగా వదిలేస్తారు. వాన కొట్టిన ప్రతిసారీ ఆ ఇటుక నీళ్లు తాగుతుంది. లోపలి నుంచి ఎన్ని రంగులేసినా ఆ గోడ నిలవదు. జాతీయ భవన నిర్మాణ నియమావళి 2016 ప్రకారం గది నేల వైశాల్యంలో కనీసం పదో వంతు కిటికీలకు వదలాలి. అది పొడి వేడి ప్రాంతాల లెక్క. తేమ వేడి ప్రాంతాలకైతే ఆరో వంతు కావాలి. వెనక పోర్షన్‌లో వంటింటికి ఒక వెంటిలేటర్ ఉంటే గొప్ప.

అదే నియమావళి ఇంటి పీఠం చుట్టుపక్కల నేలకన్నా కనీసం 450 మిల్లీమీటర్లు, అంటే అడుగున్నర ఎత్తులో ఉండాలంటుంది. కట్టినప్పుడు చాలా ఇళ్లు ఆ ఎత్తులోనే ఉంటాయి. తర్వాత రోడ్డు లేస్తుంది. పాత సీసీ రోడ్డును తవ్వకుండా దాని మీదే కొత్తది పోస్తారు. రెండు మూడు సార్లు పోసేసరికి గడప రోడ్డుతో సమానమవుతుంది, ఇంకొన్నాళ్లకు రోడ్డే ఎత్తవుతుంది. అప్పుడు పునాది మీద వేసిన డీపీసీ పట్టీ మట్టిలోకి దిగిపోతుంది. నేల తడి గోడలోకి ఎక్కకుండా పీఠం దగ్గర అడ్డుగా వేసే ఆ పట్టీ మట్టిలో కలిసిపోతే ఉన్నా లేనట్టే. ఈ నష్టంలో కిరాయిదారు తప్పు లేదు, ఓనరు తప్పూ కొంతే. రోడ్డు వేసే ముందు పాతది తవ్వి తీయాలని ఊరు పట్టుబట్టకపోవడమే అసలు కారణం. నగరపాలక సంస్థ, మున్సిపాలిటీ రోడ్డు టెండర్లలో పెట్టగలిగిన షరతు ఇది. ఎన్నికలప్పుడు వాడకు రోడ్డు అడిగేవాళ్లు ఈ షరతు కూడా అడగాలి.

ఇక గోడ దగ్గరికి వద్దాం. చెమ్మ ఎక్కడుందో, ఏ ఆకారంలో ఉందో చూస్తే నీళ్ల దారి చాలావరకు దొరుకుతుంది. నేల నుంచి మొదలై మోకాలి దాకా, ఎక్కువైతే నడుం దాకా ఎక్కి, పైన గోధుమరంగు గీత గీసినట్టు ఆగిపోతే అది కింది నుంచి వస్తున్న తడి. ఇటుకలోని సన్నటి రంధ్రాల గుండా నీరు దానంతటదే పైకి పాకుతుంది. పాకుతూ మట్టిలోని, ఇటుకలోని ఉప్పులను కరిగించి తెస్తుంది. గోడ ముఖానికి వచ్చి నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. గోడకు పట్టిన తెల్లటి పొడి అదే. ఉప్పు గడ్డకట్టేటప్పుడు వెనక నుంచి నెట్టడం వల్లే రంగు పొక్కుతుంది, లప్పం పెచ్చులూడుతుంది. చాలామంది దాన్ని చూసి బూజు అనుకుంటారు. బూజును తడిబట్టతో తుడవాలి, ఉప్పును పొడి బ్రష్‌తో దులపాలి. ఉప్పును నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. బూజును పొడిగా గీకితే దాని బీజాలు గది నిండా లేస్తాయి.

మచ్చ పైకప్పు మూలలో, వాన పడ్డ రెండో రోజు ముదిరి, వాన ఆగితే వెలిసిపోతుంటే డాబా చూడాలి. తూము నోట్లో ఆకులు అడ్డం పడి నీళ్లు నిలుస్తుండవచ్చు, పిట్టగోడ డాబాతో కలిసే చోట పగులు ఉండవచ్చు. వానతో పని లేకుండా ఏడాది పొడవునా ఒకే చోట చెమ్మ ఉంటే ఆ గోడ వెనక ఏముందో చూడాలి. పదింట్లో ఎనిమిది సార్లు అనలేం గానీ, చాలాసార్లు అక్కడ బాత్రూమే ఉంటుంది. నీళ్లు పోయే నహానీ ట్రాప్ చుట్టూ సిమెంటు ఊడిపోవడం, టైల్స్ మధ్య సందులు తెరుచుకోవడం, గోడలో పూడ్చిన పైపు కీలు కారడం. ట్రాప్ నోటికి గుడ్డ కుక్కి బాత్రూమ్‌లో రెండంగుళాల నీళ్లు నింపి, ఒక రోజు ఆగి మట్టం చూస్తే సంగతి తెలిసిపోతుంది. బయటి గోడ మీద పైనుంచి కిందికి పచ్చటి పాచి చార ఉంటే తల ఎత్తి చూడండి, అక్కడ పొర్లిపోయే నీళ్ల ట్యాంకు కనిపిస్తుంది.

వీటిలో ఏ గుర్తూ లేకుండా బీరువా వెనక, మంచం వెనక, గది మూలల్లో నల్లటి చుక్కలు మాత్రమే తేలితే నీరు గదిలోని గాలిదే. అనుమానంగా ఉంటే చేతికి అందే పరీక్ష ఒకటి ఉంది. అరచేతి రెండింతల ప్లాస్టిక్ కాగితం గోడకు పెట్టి, నాలుగు అంచులూ టేపుతో గట్టిగా అంటించి రెండు రోజులు వదిలేయాలి. కాగితం వెనక నీటి బొట్లుంటే తడి గోడ లోపలిది. ముందు వైపు తేమ చేరితే అది గది గాలిలోది. ఈ పరీక్ష చేస్తూ ఫొటోలు తీసి పెట్టుకున్న కిరాయిదారుకు ఓనరుతో మాట్లాడేటప్పుడు చేతిలో ఆధారం ఉంటుంది. గొంతు పెంచాల్సిన పని ఉండదు.

గది గాలిలోకి నీరు ఎక్కడిదని అడిగితే, పొయ్యి మీదిదే చాలా ఉంటుంది. కిలో వంటగ్యాస్ మండితే దాదాపు కిలోన్నర నీటి ఆవిరి పుడుతుంది. 14.2 కిలోల సిలిండర్ అయిపోయేసరికి ఇంట్లోకి ఇరవై లీటర్లకు పైగా నీరు చేరినట్టే. అన్నం గంజి ఆవిరి, స్నానాల ఆవిరి దానికి అదనం. ముసురు పట్టిన రోజుల్లో తాడు మీద ఆరేసిన బట్టల తడి ఇంకొంత. కిటికీ ఉంటే ఇదంతా బయటికి పోతుంది. లేకపోతే చల్లగా ఉన్న గోడ మీద కూర్చుంటుంది. గోడ ముఖం దగ్గర గాలిలో తేమ 80 శాతం దాటి అలాగే కొన్ని రోజులు ఉంటే బూజు మొలవడానికి అంతకన్నా ఏమీ అక్కర్లేదు. రంగులోని జిగురు, దుమ్ము, కాగితం, చెక్క అన్నీ దానికి తిండే.

బీడీలు చుట్టే ఇళ్లలో ఇంకో మెలిక ఉంది. నిజామాబాద్, బోధన్, ఆర్మూర్ వైపు వేలమంది ఆడవాళ్లకు ఇల్లే పనిచేసే చోటు. తునికాకు కట్టను నీళ్లలో తడిపి, తడి గోనెపట్టాలో చుట్టి రాత్రంతా ఉంచితే గానీ తెల్లారి కత్తెరకు మెత్తగా లొంగదు. ఆ కట్ట ఉండేది పడుకునే గదిలోనే. పొగాకు దుమ్మూ అక్కడే. ఓనరు ‘మీ ఆకు వల్లే’ అంటే అందులో కొంత నిజం ఉండవచ్చు, పూర్తి నిజం ఉండదు. ఆ గదికి ఎదురెదురు కిటికీలు ఉంటే ఆకు తడి గోడను ముట్టదు. ఎండాకాలంలో కూలర్లదీ ఇదే కథ. కిటికీ మూసి కూలర్ వేస్తే చల్లదనం రాదు, గోడలు మాత్రం నానతాయి. ఎదురు కిటికీ తెరిచి పెట్టాలన్న చిన్న సంగతిని కూలర్ అమ్మేవాళ్లయినా చెప్పాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇళ్లలో చెమ్మ, బూజుల మీదే ప్రత్యేకంగా మార్గదర్శకాలు విడుదల చేసింది. చెమ్మ ఇళ్లలో ఉండేవారికి దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసం, శ్వాసకోశ ఇన్‌ఫెక్షన్లు ఎక్కువగా వస్తాయని అందులో స్పష్టంగా ఉంది. బూజులో ఇంత మోతాదు వరకు ఫరవాలేదనే గీతను ఆ సంస్థ గీయలేదు. చెమ్మనే రానివ్వకూడదన్నది దాని మాట. మన దగ్గర 2021లో కోవిడ్ తర్వాత బ్లాక్ ఫంగస్ భయం వచ్చినప్పుడు గోడ మీది నల్లమచ్చలు చూసి హడలిపోయినవాళ్లున్నారు. గోడ మీది నల్లబూజు, ఆ జబ్బు ఒకటి కావు. అదుపులో లేని షుగరు, స్టెరాయిడ్ల వాడకం ఉన్నవాళ్లకు ఎక్కువగా వచ్చిన మ్యూకర్‌మైకోసిస్ అది. గోడ బూజు చేసే కీడు వేరు. రోజూ కొంచెం కొంచెంగా ఊపిరితిత్తులను గీకుతుంది. చంటిపిల్లలు, ముసలివాళ్లు, ఉబ్బసం ఉన్నవాళ్లు ముందు దెబ్బతింటారు. మంచం తల వైపు గోడకు చెమ్మ ఉందంటే పసిపిల్ల తల అక్కడి నుంచి ఆ రోజే జరపాలి. మరమ్మతు ఎప్పుడైనా కానీండి, ఆ పని మాత్రం వాయిదా వేయకూడదు.

చెరకు నేల మీద పుట్టినవాళ్లకు చెమ్మకూ ఊపిరితిత్తులకూ ఉన్న ఈ సంబంధం కొత్తగా చెప్పక్కర్లేదు. గానుగ నుంచి వచ్చిన పిప్పిలో సగం దాకా నీరే ఉంటుంది. దాన్ని కుప్పపోసి వదిలేస్తే లోపల వేడెక్కి బూజు పడుతుంది. ఆ బూజు దుమ్ము పీల్చిన కార్మికులకు వచ్చే ఊపిరితిత్తుల జబ్బుకు బెగసోసిస్ అని పేరు. 1941లో అమెరికాలోని లూసియానా నుంచి దీన్ని మొదట నమోదు చేశారు. 1955లో మన దేశంలో కలకత్తా దగ్గర అట్టల ఫ్యాక్టరీ కార్మికుల్లో గుర్తించారు. నివారణ కోసం, దుమ్ము లేవకుండా తేమను 20 శాతం పైన ఉంచాలనీ, పిప్పి మీద 2 శాతం ప్రొపియోనిక్ యాసిడ్ చల్లాలనీ పారిశ్రామిక ఆరోగ్య పుస్తకాలు చెబుతాయి. ఫ్యాక్టరీ పెరట్లోని కుప్పకు ఇంత జాగ్రత్త ఉన్నప్పుడు మనుషులు నిద్రపోయే గదికి ఎందుకు ఉండకూడదు?

గోడ చెమ్మకు మందుల సంగతికొస్తే, బజారులో దొరికేవాటిలో ఎక్కువ భాగం గోడ ముఖాన్ని కప్పేవే. చెమ్మ గోడ మీద లప్పం పెట్టి ప్లాస్టిక్ రంగు వేస్తే లోపలి నీరు బయటికి ఆరే దారి మూసుకుపోతుంది. ఒక చోట పొక్కాల్సింది ఇంకో అడుగు పైన పొక్కుతుంది. పాత ఇళ్ల సున్నపు పూతలో ఉన్న మేలు ఇదే. సున్నం గోడను ఊపిరాడనిస్తుంది, దాని కారం వల్ల బూజు నిలవదు, ఖర్చూ తక్కువ. వెనక పోర్షన్ గోడకు ఏటా జూన్‌కు ముందు రెండు చేతుల సున్నం కొట్టించడం వేలు పోసి రంగు వేయించడం కన్నా తెలివైన పని. చూడ్డానికి షోకుగా లేకపోవచ్చు.

కింది నుంచి వచ్చే తడికి అసలు మందు కొంత శ్రమతో కూడినది. గోధుమ గీత కన్నా కనీసం అడుగు పైదాకా పాత గిలాబు కొట్టేసి, ఇటుక కనబడేలా వదిలి, గోడను ఆరనివ్వాలి. పీఠం దగ్గర వరసగా రంధ్రాలు వేసి తేమను ఆపే రసాయనం ఎక్కిస్తారు. బయట గోడ చుట్టూ రెండున్నర అడుగుల సిమెంటు అరుగు, ఇంటి నుంచి అవతలికి వాలుగా పోస్తారు. ఇందులో మేస్త్రీలూ ఓనర్లూ అందరూ తొందరపడే చోటు ఒకటుంది: ఆరబెట్టడం. ఇంజనీర్లు వాడే మోటు లెక్కలో తడిసిన గోడ నెలకు ఒక అంగుళం ఆరుతుంది. తొమ్మిదంగుళాల గోడకు తొమ్మిది నెలలు. మార్చిలో రసాయనం ఎక్కించి ఏప్రిల్‌లో లప్పం పెడితే ఆ డబ్బు నీళ్లపాలే.

బూజు శుభ్రం చేయడం చిన్న పనే. మూడడుగుల చదరం లోపు మచ్చయితే ఇంట్లోవాళ్లే చేసుకోవచ్చని అమెరికా పర్యావరణ సంస్థ సలహా. ఎన్-95 మాస్కు, చేతి తొడుగులు వేసుకుని, కిటికీలు తెరిచి, సబ్బునీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచి, ఫ్యాన్ పెట్టి ఆరనివ్వాలి. తుడిచిన గుడ్డ పారేయాలి. బొంతలు, దిండ్లు ఎండలో వేసినా వాసన పోకపోతే వదులుకోవడమే మంచిది. ఇక్కడ ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. బ్లీచింగ్ పౌడర్‌ను బాత్రూమ్ యాసిడ్‌తో ఎప్పుడూ కలపకూడదు. క్లోరిన్ విషవాయువు పుడుతుంది. గాలాడని బాత్రూమ్‌లో అది ప్రాణం తీయగలదు. అమోనియా ఉన్న ద్రావణాలతో బ్లీచింగ్ కలిపినా విషవాయువులే వస్తాయి. ఇంకో ప్రాణాపాయం కరెంటు. చెమ్మ పట్టిన గోడలో స్విచ్ బోర్డు ఉంటే తాకినప్పుడు జిల్లుమంటుంది. దాన్ని చిన్న విషయంగా తీసుకోవద్దు. మెయిన్ బోర్డులో, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ బిగించి ఉందా అని ఇల్లు చూసే రోజే అడగాలి.

ఇప్పుడు ఖర్చు ఎవరిదన్న ప్రశ్న. ఉమ్మడి రాష్ట్రం నుంచి వచ్చిన 1960 నాటి భవనాల అద్దె నియంత్రణ చట్టం ఉంది గానీ ఒక పరిమితి దాటిన కిరాయిలకు అది వర్తించదు, ఆ పరిమితి ఇవాళ్టి కిరాయిలకు చాలా తక్కువ. కాబట్టి ఎక్కువమందికి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే దిక్కు. దాని 108వ సెక్షన్‌లో కిరాయిదారుకు పనికొచ్చే మాట ఉంది. ఓనరు చేయించాల్సిన మరమ్మతును నోటీసు ఇచ్చాక కూడా తగిన గడువులో చేయించకపోతే, కిరాయిదారు తానే చేయించి ఆ ఖర్చును వడ్డీతో సహా కిరాయిలో మినహాయించుకోవచ్చు. మెలిక ఏమిటంటే, ఏ మరమ్మతు ఓనరు చేయించాల్సిందో ఒప్పందంలో ఉండాలి. 11 నెలల స్టాంపు కాగితం మీద కిరాయి ఎంత, అడ్వాన్సు ఎంత, కరెంటు బిల్లు ఎవరిది అన్నవి రాస్తారు. డాబా ఎవరిది, పైపు ఎవరిది, చెమ్మ ఎవరిది అన్నది రాయరు. నోటి మాట మీద ఇచ్చిన ఇళ్లలో ఆ కాగితం కూడా ఉండదు.

2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఈ పంపకాన్ని విడమరిచి రాసింది. నిర్మాణ సంబంధమైన మరమ్మతులు, సున్నాలు, తలుపులు కిటికీల రంగులు, అవసరమైనప్పుడు పైపుల మార్పిడి, వైరింగ్ అన్నీ ఓనరు వంతు. కాలువ శుభ్రం చేసుకోవడం, స్విచ్చులు, కుళాయిల చిన్న మరమ్మతులు కిరాయిదారు వంతు. ఇంటి అడ్వాన్సు రెండు నెలల కిరాయి దాటకూడదు. రాష్ట్రం తన చట్టం చేసుకుంటేనే ఇది అమలవుతుంది. అందాకా ఆగాల్సిన పని లేదు. ఆ పట్టికను చూసి అవే మాటలు సొంత ఒప్పందంలో రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

తప్పు మొత్తం కిరాయిదారు అలవాట్ల మీదికి నెడితే ఎక్కడి దాకా పోతుందో ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్ చూసింది. సూడాన్ నుంచి వెళ్లిన ఒక కుటుంబం అక్కడి హౌసింగ్ సంస్థ అద్దెకిచ్చిన ఫ్లాటులో ఉండేది. ఇంట్లో బూజు పడుతోందని తండ్రి 2017 నుంచే చెప్పాడు. రంగు వేసుకోమన్నారు. ఆ కుటుంబం జీవన విధానమే కారణమని ఊహించుకున్నారు. రెండేళ్ల కొడుకు అవాబ్ ఇషాక్ 2020 డిసెంబర్‌లో చనిపోయాడు. ఇంట్లోని బూజును చాలాకాలం పీల్చడం వల్ల వచ్చిన తీవ్ర శ్వాసకోశ వ్యాధితోనే పోయాడని 2022 నవంబర్‌లో విచారణ తేల్చింది. ఆ పిల్లవాడి పేరుతో వచ్చిన చట్టం 2025 అక్టోబర్ 27 నుంచి అక్కడి సామాజిక గృహాలకు అమలవుతోంది. ప్రాణాపాయముంటే 24 గంటల్లో, తీవ్రమైన చెమ్మ, బూజు అయితే పది పనిదినాల్లో ఓనరు సంస్థ వచ్చి చూడాల్సిందే. ‘తడిబట్టలు ఆరేస్తే గోడలు గట్లనే అయితయ్’ అనే ముందు మన ఓనర్లు ఆ పిల్లవాణ్ని తలుచుకోవాలి.

ఓనర్ల కష్టం లేదని కాదు. ఈ జిల్లా నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు ఎందరో. దుబాయ్‌లోనో దోహాలోనో సంపాదించిన పైసా పైసా కూడబెట్టి కట్టిన ఇల్లు అది. ఇక్కడ కిరాయి వసూలు చేసేది ముసలి తల్లిదండ్రులో, బావమరిదో. డాబా ఎక్కి తూము చూసే ఓపిక వాళ్లకు ఉండదు, ఖర్చు పెట్టే అధికారం అంతకన్నా ఉండదు. అలాంటి ఇళ్లలో కిరాయిదారే వీడియో తీసి నేరుగా ఓనరుకు పంపి, మేస్త్రీ చెప్పిన లెక్క చూపించి, రెండు నెలల కిరాయిలో సర్దుకుంటామంటే ఒప్పుకునేవాళ్లే ఎక్కువ. ఇల్లు కూలిపోవడం వాళ్లకూ ఇష్టం ఉండదు.

కిరాయికి ఇల్లు వెతికేవాళ్లకు ఒక మాట. వీలైతే వానాకాలంలోనే చూడండి. ఎండాకాలంలోనే చూడాల్సి వస్తే కొత్త రంగును నమ్మకండి. బీరువా పెట్టిన చోటు వెనక, బాత్రూమ్ గోడ అవతలి వైపు, గడపకూ రోడ్డుకూ మధ్య ఎత్తు చూడండి. గదుల ఫొటోలు తేదీతో సహా ఓనరు వాట్సాప్‌కు పంపి పెట్టండి. ఒప్పందంలో ఈ వాక్యం రాయించుకోండి: ‘పైకప్పు, బయటి గోడలు, పునాది, గోడలో పూడ్చిన పైపుల నుంచి వచ్చే చెమ్మను, రాతపూర్వకంగా తెలిపిన 15 రోజుల్లోగా ఇంటి యజమాని తన ఖర్చుతో బాగుచేయించాలి, అలా చేయించకపోతే కిరాయిదారు చేయించి, బిల్లు చూపి, కిరాయిలో మినహాయించుకోవచ్చు, ఈ చెమ్మ వల్ల పాడైన రంగులకు అడ్వాన్సులో కోత ఉండదు.’ ఓనరు ఒప్పుకోకపోతే, ఆ ఇంటి గోడల గురించి ఆయనకు ఏమి తెలుసో అప్పుడే అడగండి.